గొట్టం మీది చీటీ

మొన్న చంద్రగిరిలో ఒక పెళ్లికి వెళ్లాను. నా కంటే వయసులో చిన్నవాళ్లను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి నన్ను రెండో పంక్తిదాకా నిలబెట్టారు. ఆ సంగతి వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు గుర్తు చేస్తాను. ఆ రెండో పంక్తిలో నా పక్కన కూర్చున్నది ఒకప్పుడు తిరుపతిలో మా యూనివర్సిటీ ఫిజిక్సు విభాగంలో స్టోరు చూసి రిటైరైన మనిషి. ఆకు మీద నీళ్లు చల్లుకుంటూ అన్నాడు:

"తెలిసిందా అర్జీల సారూ? మన గాజుపెద్దాయన పోయినాడంట. చిత్తూర్లో. నెలయిందంట."

వినగానే నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నాకు ఈ 'అర్జీల సారు' అనే పేరు తగిలించిన మనిషి, అది తప్పని ఒక్క మాటైనా అనకుండా పోయాడే అనుకున్నాను. రెండో ఆలోచన రావడానికి కాస్త సమయం పట్టింది. అప్పటికి వడ్డించేవాడు నా ఆకులో లడ్డూ వేసి ముందుకు వెళ్లాడు. ఏలకుల వాసన, పచ్చకర్పూరం వాసన ముక్కుకు తగిలాయి. నేను ఆ లడ్డూ తినలేకపోయాను. మడిచిన ఆకులో అది అలాగే ఉండిపోయింది.

గాజుపెద్దాయన మా విభాగంలో గాజు ఊదేవాడు. కార్వేటినగరం పక్క పల్లె. ఆయన ముఖంలో ముందు కనిపించేవి బుగ్గలు. ఏళ్ల తరబడి ఊది ఊది సాగిపోయిన బుగ్గలు, ఊదనప్పుడు ఖాళీ సంచుల్లా వేలాడేవి. కుడి ముంజేతి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు, మంట తినేసింది. గొట్టం మంటలో మెత్తబడి వంగబోతుంటే దానితో అరవంలో మాట్లాడేవాడు. "ఇరు, ఇరు" అనేవాడు, ఉండు ఉండు అని. మనుషులతో తెలుగు, గాజుతో అరవం. ఎందుకని అడిగితే, "నాకు పని నేర్పించినాయన మద్రాసాయన సారూ. గాజుకు ఆ బాసే అలవాటయిపోయింది" అన్నాడు.

బీడీ తాగేవాడు. కానీ షెడ్డు వెనక్కి వెళ్లి తాగి, చెంబెడు నీళ్లతో నోరు పుక్కిలించుకుని గాని గొట్టం నోట పెట్టేవాడు కాదు. ఇది నేను నా కళ్లతో రోజూ చూసిన సంగతి. ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను కాగితం మీద వేరే విధంగా రాశాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ గొట్టం చేసినా, ఏ అతుకు వేసినా, పంపుకు తగిలించి లోపలి గాలి తీసేసి, మూత బిగించి, పక్కనున్న పాదరసం మట్టానికి సన్నటి గుర్తు గీసేవాడు. ఒక పగలు, ఒక రాత్రి అలా వదిలేసేవాడు. మర్నాడు పాదరసం గుర్తు దగ్గరే ఉంటే, పాత క్యాలెండరు కాగితం వెనక నుంచి చీటీ చింపి, దాని మీద 'నిలిచింది' అని రాసి, తేదీ వేసి, పక్కన ఒక పొడి అక్షరం పెట్టి, జిగురుతో గాజు మీద అంటించేవాడు. పాదరసం ఒక వెంట్రుక వాసి దిగినా, అందరూ చూస్తుండగా తానే ఆ గొట్టాన్ని నేలకేసి కొట్టేవాడు. మా ప్రొఫెసరు గారు, "అతుకు వేస్తే సరిపోయేది కదయ్యా" అని గింజుకునేవారు. ఆయన చీపురు తెచ్చుకుని పెంకులు ఊడ్చుకునేవాడు, అంతే. ఆయన దేన్నీ రెండోసారి చెప్పడు. ఒకసారి చెబుతాడు. విన్నవాడు విన్నాడు, లేనివాడు లేడు.

ఇక నా పేరు సంగతి. రీసెర్చి విద్యార్థిగా చేరిన కొత్తలో మా గదిలో ఫ్యాను టకటకలాడేది. మూడుసార్లు నోటితో చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. రిజిస్ట్రారుకు అర్జీ రాశాను, దానికి కార్బన్ కాపీ తీసి దాచుకున్నాను. ఫ్యాను మారింది. తర్వాత స్టూలు కాలు ఊగుతోందని, హాస్టల్లో చారు నీళ్లలా ఉందని, పరీక్ష పేపర్లు దిద్దినవాళ్ల జాబితాలో నా పేరు చివర వేశారని రాశాను. ఒకరోజు క్యాంటీనులో టీలో చీమ వచ్చిందని గొడవ పడుతుంటే, వెనక బెంచీ మీద నుంచి గాజుపెద్దాయన, "ఎందుకు సారూ నోరు నొప్పి? ఒక అర్జీ పడేయండి, చీమ రాజీనామా ఇచ్చిపోతాది" అన్నాడు. క్యాంటీనంతా నవ్వింది. టీ పోసేవాడు కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి నేను అర్జీల సారుని. ఆ నవ్వినవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లలో పదకొండు మంది పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

ఇది ఎనభైల మొదట్లో మాట. మా ప్రొఫెసరు గారికి అప్పట్లో ఒకటే ధ్యాస. నీటి ఆవిరి మీద చురుకైన మెరుపు ఒకటి కొడితే నీటి అణువు విరిగి ఒక ముక్క మిగులుతుంది. దాన్ని హైడ్రాక్సిల్ రాడికల్ అంటారు. జత తెగిన ముక్క కనుక గాలిలో ఏ ఆవిరి ఎదురైనా దాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్న క్షణంలో తాను లేకుండా పోతుంది. క్షణంలో ఏ కొంత భాగమో దాని ఆయుష్షు. ఆ ఆయుష్షు కొలిస్తే అది ఏ ఆవిరిని ఎంత ఆత్రంగా పట్టుకుంటుందో తెలుస్తుంది. కొలవడానికి లేజరు కావాలి. విరిగిన ముక్క మీద సరైన రంగు లేజరు పడితే అది మిణుగురులా వెలుగుతుంది. మెరుపు కొట్టిన తర్వాత కాసేపాగి ఒకసారి, ఇంకాసేపాగి మరోసారి లేజరు వేసి, ఆ వెలుగు ఎంత తగ్గుతూ వస్తోందో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాలి. చుక్కలు కలిపితే ఒక వాలు వస్తుంది. ఆ వాలే మా బతుకు.

లేజరు కొనే స్తోమత మాకు లేదు. రాగి రేకులు, అట్టలు, నైట్రోజన్ గ్యాసు పెట్టి మేమే చేసుకున్నాం. టప్ టప్ టప్ అని నిప్పురవ్వలు కొడుతూ ఉండేది. దాని వెలుగు నారింజ రంగు ద్రావణంలోకి పోయి, అక్కడి నుంచి గాజుపెద్దాయన చేసిన పొడవాటి గొట్టంలోకి వెళ్లేది. ఆ గొట్టానికి నాలుగు వైపులా నాలుగు చేతులు, నాలుగు కిటికీలు. అలాంటిది చేసేవాడు ఈ జిల్లాలో లేడని ప్రొఫెసరు గారు వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. లేజరును మాత్రం ఎవరికీ చూపించేవారు కాదు. లేజరు చేసింది నేను. అది కూడా నాకు గుర్తుంది.

ఈ యంత్రం ఏం కొలుస్తుందని నన్ను అడిగిన ఒకే ఒక్క మనిషి గాజుపెద్దాయన. మా ఇంట్లోవాళ్లు కూడా అడగలేదు. చెప్పాను. బీడీ చెవిలో పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఆకలి మీదుండే ప్రాణి."

"అనుకో."

"కూడు దొరికితే తింటాది."

"తిని చచ్చిపోతుంది."

"తింటే చచ్చేదేంది సారూ, ఇదేం తిండి! కూడు దొరక్కపోతే?"

"కాసేపు ఎక్కువ బతుకుతుంది."

ఆయన చాలాసేపు నవ్వాడు. "మా ఊర్లో అంతా తలకిందులు సారూ" అని షెడ్డుకు వెళ్లిపోయాడు. నన్ను 'మీరు' అనేవాడు. నేను ఆయన్ని 'నువ్వు' అనేవాణ్ణి. ఆయనకు మా నాయన వయసు ఉంటుంది.

ఆవిరి ఏదీ కలపకుండా ముందు ఉత్త గాలితో కొలవాలి. అప్పుడు వాలు మెల్లగా దిగాలి, తినడానికి ఏమీ లేదు కనుక. సిలిండరు గాలి దొరకడం గగనం. గది గాలినే బొగ్గు నింపిన గొట్టంలోంచి పంపి శుభ్రం చేసుకునేవాళ్లం. ఆ బొగ్గు గొట్టాన్ని గదిలోని ఇనుప బీరువా అడుగున పెట్టాం. దాన్ని దాటిన గాలి ఒక రబ్బరు గొట్టం గుండా బీరువా లోపలి నుంచి పోయి గాజు గొట్టంలో చేరేది. అక్కడ కూడా గాజే వేస్తానని పెద్దాయన అన్నాడు. బీరువా తలుపు పడదని నేను వద్దన్నాను. ఆయన రెండోసారి అనలేదు.

పెరటాసి నెల వచ్చింది, అరవ లెక్కలో కొండ మీది స్వామికి ఇష్టమైన నెల. మా వైపు పెరటాసి శనివారాలంటే తెలిసిందే. నాలుగు శనివారాలూ అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిచి వెళ్లడం మా ఇంటి ఆనవాయితీ. లడ్డూ ప్రసాదం తెచ్చుకుని, సోమవారం ల్యాబులో ఆ ఇనుప బీరువాలో పెట్టుకునేవాణ్ణి. హాస్టలు గదిలో పెడితే మిగతావాళ్లు తినేస్తారు. ల్యాబులో మిగతా చోట్లన్నీ ఆసిడ్లు. బీరువా పై అర ఒక్కటే శుభ్రమైన చోటు. రోజూ స్నానం చేసి వచ్చి, చిటికెడు ప్రసాదం నోట్లో వేసుకుని, కళ్లకద్దుకుని, తర్వాతే లేజరు మీట నొక్కేవాణ్ణి.

ఆ సోమవారం ఉత్త గాలికి వాలు కొండ మీద నుంచి రాయి దొర్లినట్టు పడింది. మంగళవారం కూడా అంతే. గురువారానికి కొంత కుదుటపడింది. మళ్లీ సోమవారం మొదటికి వచ్చింది. గొట్టం కారుతోందన్నాను. పెద్దాయన వచ్చి పంపు పెట్టి, ఒక పగలు, ఒక రాత్రి వదిలేశాడు. మర్నాడు పాత చీటీ తీసేసి కొత్తది అంటించాడు: నిలిచింది. మూడో సోమవారం ప్రొఫెసరు గారు నా గ్రాఫు చూసి, "కొలవడం చేతకాకపోతే చెప్పవయ్యా, ఇంకొకరికి ఇస్తాను" అన్నారు. తలుపు దగ్గర ఇద్దరు జూనియర్లు నిలబడి విన్నారు.

ఆ సాయంత్రం పెద్దాయన గదిలోకి వచ్చి నిలబడ్డాడు. గొట్టాన్ని గోటితో తట్టి చెవి పెట్టాడు. తర్వాత గదిలో ముక్కెగరేసుకుంటూ తిరిగాడు.

"సారూ, ఎవురో దానికి కూడు పెడతా ఉండారు."

"కూడేంది? నీ అతుకు కారుతోంది."

"కారితే పాదరసం కదలాల గదా. కదల్లేదు. ఇది కారేది కాదు సారూ, కూడు. గాజు వాసన పట్టదు, రబ్బరు పడతాది. ఆ బీరువా ఒకసారి సూసుకోండి. తలుపు తీస్తే పచ్చకర్పూరం గుమ్మంటా ఉండాది."

ఆయన చెప్పిన మాట నిజమా కాదా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా ప్రసాదం ముట్టుకున్నావా?" అన్నాను.

"ముట్టలేదు సారూ. తలుపు తీసినాను, వాసన వచ్చినాది."

"బీడీ చేతులతో నా బీరువా తీస్తావా? ప్రసాదాన్ని కూడంటావా? నువ్వు చేసిన గొట్టం తప్పు కాదు, దేవుడి ప్రసాదం తప్పా?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. ముందు అరచేతులు, తర్వాత వెనక. "నేనట్ల అన్లేదు సారూ" అని వెళ్లిపోయాడు.

అర్జీ ఆ రోజే రాశాను. రెండు పేజీలు. గాజు పనివాడు బీడీ పొగతో పనిచేస్తాడని, అతని నోటి ఊపిరితోనే గొట్టం లోపల మలినం చేరుతోందని, అతుకులు కారుతున్నాయని, అడిగితే దైవప్రసాదాన్ని నిందించాడని, విలువైన లేజరు పరిశోధన ఒక నిర్లక్ష్యపు మనిషి వల్ల పాడవుతోందని. బాగా రాశాను. నేను రాసిన అర్జీలన్నిటిలో అదే బాగుంటుంది. ఆయన అప్పటికి పదకొండేళ్లుగా టెంపరరీ. ఆ నెలలోనే ఆయన పర్మనెంటు ఫైలు ఆఫీసులో పైకి కదిలింది. ఆ సంగతి నాకు తెలియదని చాలా ఏళ్లు అందరితో చెప్పాను. తెలుసు. అర్జీ ఎవరి బల్ల మీద పడాలో చూసుకుని మరీ ఇచ్చాను.

విచారణకు ప్రొఫెసరు గారితో పాటు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. యంత్రం ముందే నిలబడి మాట్లాడారు. నా అర్జీ చదివి వినిపించారు. "ఏమంటావయ్యా?" అని పెద్దాయన్ని అడిగారు.

"నేను అనేదేముండాది సార్. నా పని గొట్టం మీదే రాసుండాను. సూసుకోండి."

అందరూ గొట్టం వైపు తిరిగారు. గాజు మీద చీటీ లేదు. ఎండిన జిగురు మరక నలుచదరంగా ఉంది.

పెద్దాయన ఆ మరక వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నేను కిటికీలోంచి కొండ వైపు చూస్తున్నట్టు నిలబడ్డాను. చీటీ అప్పుడు నా చొక్కా జేబులో ఉంది. వాళ్లు రావడానికి పది నిమిషాల ముందు తడిగుడ్డతో నానబెట్టి, చిరగకుండా ఊడదీశాను.

ఆఫీసాయన ఇంకోసారి అడిగాడు, "ఏం రాసినావు? ఎక్కడ?" అని. పెద్దాయన జవాబు చెప్పలేదు. ముందే చెప్పాను కదా, ఆయన రెండోసారి చెప్పడు. వాళ్లు దాన్ని తప్పు ఒప్పుకోవడం కింద రాసుకున్నారు.

ఫైలు ఆగిపోయింది. నెల తిరక్కుండా టెంపరరీ పని కూడా తీసేశారు. పనిముట్ల చెక్కపెట్టె భుజాన పెట్టుకుని, మంట దగ్గర పెట్టుకునే నల్ల కళ్లద్దాలు జేబులో వేసుకుని, పోతూ పోతూ మా గది గడప దగ్గర ఆగాడు. తిడతాడేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. తిడితే దాని మీద కూడా రాయడానికి సిద్ధంగా ఉన్నాను.

"గొట్టం మాత్రం పారేయబాకండి సారూ, బాగుండాది" అన్నాడు.

అప్పటికే పెరటాసి అయిపోయింది. కొండకు నడక లేదు, లడ్డూ లేదు. మద్రాసు నుంచి తెప్పించి పెట్టిన కొత్త గొట్టంలో ఉత్త గాలికి వాలు మెత్తగా, కుదురుగా దిగడం మొదలుపెట్టింది. ప్రొఫెసరు గారు నా భుజం తట్టి, "నువ్వు చెప్పిందే నిజమయ్యా, పాపం ముసలాయన" అన్నారు. ఆయన నా భుజం తట్టింది ఆ ఒక్కసారే. నాకు గర్వంగా ఉండింది. పాత గొట్టాన్ని అటక మీద పడేశాం.

మరుసటి ఏడు పెరటాసి వచ్చింది. మొదటి శనివారం తర్వాతి సోమవారం, కొత్త గొట్టంలో, వాలు దబ్బున పడింది. గదిలో నేను ఒక్కణ్ణే. నింద వేయడానికి ఇంకెవరూ లేరు.

బీరువా తీశాను. గుమ్మని వాసన వచ్చింది. అంతకుముందు అది నాకు వాసనగా తెలియలేదు, భక్తిగా తెలిసింది. లడ్డూ బయట పెట్టి రబ్బరు గొట్టం మార్చాను. వాలు బాగుపడింది. లడ్డూ మళ్లీ లోపల పెట్టాను. పడింది. తీశాను. బాగుపడింది. మూడుసార్లు చేశాను. పచ్చకర్పూరం, ఏలకుల ఆవిరి రబ్బరులోంచి గాలిలోకి దిగి ఆ రాడికల్‌కు తిండి అవుతున్నాయి. మేం ఏళ్లుగా కొలవాలనుకున్నది అదే. కొండ కింద ఊళ్లో గాలి దేనితో ఎలా ముడిపడుతుందో ఆ యంత్రం తనంతట తానే చెప్పింది. చదువు లేని మనిషి ముక్కుతో ముందే చెప్పాడు.

ప్రొఫెసరు గారికి చెబితే ఏమయ్యేది? ఆయన విరగబడి నవ్వేవారు. తర్వాత కూర్చోబెట్టి దాని మీద ఒక వ్యాసం రాయించేవారు. పెద్దాయన్ని పిలిపించేవారు. అంతకు మించి నష్టం లేదు. కానీ నాకు క్యాంటీను గుర్తొచ్చింది. 'అర్జీల సారు లడ్డూ పెట్టి మిషన్‌ను పాడు చేసినాడంట, పైగా ముసలాయన మీద అర్జీ రాసినాడంట' అని పద్నాలుగు మంది నవ్వడం వినిపించింది. బీరువా కడిగాను. రబ్బరు తీసేసి గాజు వేయించాను. "సీలు మార్చాను సార్, సరిపోయింది" అని చెప్పాను. నా థీసిస్‌లో మొదటి ఏడాది కొలతల లోపానికి కారణం గాజు అతుకుల నాణ్యత అని ఒక వాక్యం ఉంది. అట్ట వేసిన ఆ పుస్తకం లైబ్రరీలో ఇంకా ఉంది. దాని మీద నాకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగం వచ్చిన రెండేళ్లకు పరీక్షల పని మీద చిత్తూరు వెళ్లాను. పెద్దాయన అక్కడ ఒక సందులో కొట్టు పెట్టుకున్నాడని తెలుసు. పాలకేంద్రాల వాళ్లు పాలలో వెన్న కొలిచే గాజు గొట్టాలు పగిలితే అతికిస్తాడని చెప్పారు. చెప్పేద్దామనే వెళ్లాను. ఉత్త చేతులతో ఎలా వెళ్లాలని సంచిలో లడ్డూ పెట్టుకున్నాను. ఆ లడ్డూయే ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు. మా ఊరి నుంచి ఎవరింటికి వెళ్లినా చేతిలో ఉండేది అదే కదా.

"రాండి రాండి అర్జీల సారూ!" అని లేచాడు. బుగ్గలు ఇంకా జారాయి. లడ్డూ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుని, లోపలున్న భార్యకు ఇస్తూ అన్నాడు: "ఇదో, ఆ రబ్బరు బిరడాల డబ్బా పక్కన పెట్టబాక. ఆ పై గూట్లో పెట్టు."

నా వైపు చూడకుండానే అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎవరింట్లోనైనా చెప్పే మాటే.

నోరు తెరిచాను. గొంతుదాకా వచ్చింది. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే.

"అసలు నాకా పేరు ఎందుకు పెట్టావు? ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "దానికి బాధపడినారా సారూ? ఎగతాళికేమో ఒకరోజు అంటి. తర్వాత అట్ల కాదు. మీరు రాస్తే పని జరుగుతాది గదా. ఫ్యాను మారె. స్టూలు మారె. మా బోటోళ్లం నోటితో చెప్పి చెప్పి పోతాము, కాయితం మీద పెట్టలేము." కొంచెం ఆగి, చేతిలోని గొట్టం కింద పెట్టి అన్నాడు: "మిమ్మల్ని ఒకటి అడగల్లనుకుంటి సారూ. ఈడ కాలేజీలో గాజు పనికి మనిషి కావాలంట. పదకొండేళ్లు పనిచేసినట్టు, పని బాగుండిందని, చదువుకున్న వాళ్లు ఎవురన్నా ఒక కాయితం ఇస్తే తీసుకుంటామనినారు. మీరు రాస్తే జరుగుతాది."

"తప్పకుండా" అన్నాను.

"నెల లోపల ఇయ్యాలంట." క్యాలెండరు కాగితం చింపి, దాని వెనక తన పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఇచ్చాడు. "పూర్తి పేరు మీకు తెలీదు గదా సారూ" అన్నాడు. తెలియదు. నాలుగేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ పనిచేసి ఆయన పేరు నేను ఏనాడూ అడగలేదు. నా అర్జీలో కూడా 'సదరు గాజు పనివాడు' అనే రాశాను.

తిరుపతికి వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను. 'ఈయన పనిలో ఏ లోపమూ లేదు' అని రాశాను. కింద సంతకం చేయాలి. అదే సంతకం ఆఫీసు ఫైల్లో ఇంకో కాగితం కింద ఉంది. కాలేజీ వాళ్లు మా ఆఫీసుకు రాసి అడిగితే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రేపు చేద్దాం అనుకున్నాను. ఫ్యాను టకటకకు ఆ పూటే అర్జీ రాసిన మనిషిని, నెలంతా రేపు రేపు అనుకున్నాను. గడువు పోయింది. ఆయన నుంచి ఒక కార్డు ముక్క రాలేదు, మనిషి రాలేదు. ఒకసారి అడిగాడు కదా.

పెళ్లి నుంచి ఇంటికి వచ్చి అటక మీది ట్రంకుపెట్టె దించాను. నా అర్జీల కార్బన్ కాపీలన్నీ అందులో ఏడాదివారీగా కట్టలు కట్టి ఉన్నాయి. నాకు జరిగిన ప్రతి అన్యాయానికీ అక్కడ సాక్ష్యం ఉంది. ఆ ఏడాది కట్ట విప్పాను. గాజు పనివాడి మీద అర్జీ, రెండు పేజీలు. దాని వెనక, తర్వాతి ఏళ్లదైనా నేనే అక్కడ చేర్చిపెట్టిన, సంతకం లేని ఆ సర్టిఫికెట్టు. మధ్యలో రెండు క్యాలెండరు ముక్కలు.

ఒకదాని మీద ఆయన పేరు ఉంది. ఆ పేరు రాయాల్సిన చోట నేను రాయలేదు. ఇక్కడ రాసి పుణ్యం కట్టుకోను.

రెండో దాని మీద జిగురు ఎండి పచ్చబడింది. సిరా వెలిసిపోలేదు. తేదీ, పొడి అక్షరం, దాని ముందు గుండ్రటి చేతిరాతలో ఒక్క మాట: నిలిచింది.